భరిణె లేని పిలుపు

నాకు ఎవ్వరి మీద నమ్మకం ఉండది. ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు. కూరగాయలామె జర ఎక్కువ నవ్విందంటే వంకాయ తిప్పి తిప్పి చూస్త, ఎక్కడ పుచ్చున్నదో అని. మా ఆయన అయితే "ప్రవీణా, నీ కడుపుల అన్నం కన్న అనుమానమే ఎక్కువున్నది" అంటడు. అననీ. సిద్దిపేటల మా సాలోళ్ల వాడల, అంటే నేతోళ్ల వాడల, జాకెట్లు కుట్టుకుంట బతుకుతున్న నేను. జాకెట్లు కుట్టేదానికి అనుమానం లేకుంటే పని నడ్వది. "పోయినసారి కొలతలే అక్కా, ఏం మారలే" అని చెప్పే ఆడోళ్లందరు మారే ఉంటరు. కుట్టినంక పట్టకుంటే తప్పు నాదైతది.

గసువంటి నేను ఏడాది పొడుగున ఒక మనిషి మీద కన్నేసి పెట్టిన. గీ కథ ఆమెదే. పేరు యాదలక్ష్మి. వాడంత యాదక్క అంటరు.

యాదక్క పని ఏందంటే బొట్టు పిలుపు. మా దిక్కు పెండ్లి అయినా, పుట్టెంటికలు అయినా, కార్డు ఇచ్చి పోతే అది పిలుపు కింద లెక్క కాదు. ముత్తైదువ ఒకామె కుంకుమ భరిణె పట్టుకొని గడప గడపకు పోయి, ఆ ఇంటామె నుదుట బొట్టు పెట్టి, "ఫలానోళ్లింట్ల పెండ్లి, మీరంత రావాలె" అని నోరార చెప్పాలె. బొట్టు పెట్టకుంటే "మమ్ములను పిల్వనే లే" అని మూతి ముడుచుకొని ఇంట్లనే కూసుంటరు. ఎనుకట ఇంటి కోడండ్లే తిరిగేటోళ్లు. ఇప్పుడు ఎవలకున్నది టైము? గందుకని యాదక్కను పెట్టుకుంటరు. చీరె పెడ్తరు, బియ్యం పోస్తరు, చేతిల ఎంతో కొంత పెడ్తరు. ఆమె నోరు సుత ఆ పనికి తగ్గట్టే ఉంటది. అలిగి కూసున్నోళ్లను నవ్విచ్చి పెండ్లికి లేవగొట్టుకొస్తది. మా ఆడబిడ్డ నాతోని మాట్లాడుడు బంద్ జేసినప్పుడు మా ఇంటి కార్యానికి ఆమెను గుంజుకొచ్చింది యాదక్కనే. వచ్చినంక మళ్ల కొట్లాడినం, అది వేరే సంగతి.

ఆమె తల్లిగారిది వేములఘాట్. మా వాడకు కోడలుగా వచ్చింది. మొగడు ఎల్లన్న మగ్గం నేసేటోడు. గొల్లభామ చీరెల అంచు నేస్తుంటే చూడబుద్ధయ్యేది. మగ్గం మీద కడుపు నిండుతలేదని భివండి పోయిండు, సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనికి. పిల్లలు కాలే. తల్లిగారూరేమో మల్లన్నసాగర్ ప్రాజెక్టు నీళ్ల కిందికి పోయింది. అక్కడి చుట్టాలు తలా ఒక దిక్కు చెదిరిన్రు, ఉన్న ఒక్క తమ్మునితోని మాటల్లేవు. అంటే ఆమెకు పోనీకి ఊరు లేదు, వస్తడని చెప్పుకోనీకి ఎల్లన్న ఒక్కడు, చేతిల ఆ ఇత్తడి భరిణె ఒక్కటి.

ఇగ నా అనుమానం ఏందంటే, ఆ ఎల్లన్న బతికున్నడా అని.

పండుగ పండుగకు వచ్చేటోడు రాకుండైండు. అడిగితే "సెలవు దొరుకలేదట, మొన్ననే ఫోన్ చేసిండు" అంటది. ఎప్పుడడిగినా మొన్ననే. ముందుగాల్ల అయితే ఆయన అంగీలు తెచ్చి కాలరు తిప్పి కుట్టమనేది, ఇప్పుడు ఒక్క అంగీ తెస్తలేదు. ఒకసారి సోలాపూర్ల ఆడబిడ్డ బిడ్డ పెండ్లి అని చెప్పి పోయింది. మళ్ల వచ్చి వాడంత లడ్డూలు పంచింది. నేను తిన్న. తినుకుంటనే అనుకున్న, ఇది పెండ్లి లడ్డూ కాదు, మిఠాయి దుకాణం లడ్డూ అని. పెండ్లి లడ్డూ అంత గుండ్రంగ ఉండది. అగో, గప్పటిసంది నా కన్ను ఆమె మీదనే ఉన్నది.

ఉట్టి సోది కాదు ఇది. మొగడు పోయినామెను మా దగ్గర ముత్తైదువ అనరు. బొట్టు పెట్టనియ్యరు, పెండ్లి పందిట్ల ముంగటికి రానియ్యరు. ఎల్లన్న లేడని బయటవడితే యాదక్క బతుకుదెరువు ఆ రోజే బంద్ అయితది. అంతటితోని ఆగది, ఇన్ని పెండ్లిండ్లకు మమ్ములను మోసం చేసిందని వాడంత మీదవడ్తది. నాకు ఆ సంగతి ఎరుకే. గాని ఎరుకుండి సుత అనుమానం ఆగదు కద.

గిట్లుండంగ పార్లమెంటు ఎలక్షన్లు వచ్చినయి. హైదరాబాద్ నుంచి ఒక పిల్ల దిగింది, సింధూజ అని. ఆమె కంపెనీ పని ఏందంటే వేరే కంపెనీల గురించి, పార్టీల గురించి జనంల మంచి మాట పుట్టిచ్చుడు. మంచి మాట దానంతటది పుడ్తే మీరెందుకు అని అడుగుదామనుకున్న, గాని నా దగ్గర జాకెట్ కుట్టిచ్చుకుంటా అన్నది, ఊకున్న. ఆసారి వాళ్లు పని చేసేది ఒక పెద్ద పార్టీకి. పేరు చెప్ప, నాకెందుకు లొల్లి.

సింధూజ వాడంత తిరిగి చూసి యాదక్కను పట్టింది. "ఇంటింటికి బొట్టు పెట్టి ఓటు అడుగుదాం" అన్నది. ఇగ చూడు, యాదక్క భరిణె, ఎనుక పార్టీ కండువాలు, ఆ ఎనుక సింధూజ ఫోను. ప్రతి గడప కాడ ఆడామె నుదుటికి బొట్టు, మెడల కండువ, ఒక ఫోటో. ఫోటో దిగిన ఇల్లు మన ఓటే అని ఆమె ఫోన్ల ఉన్న వాడ పటం మీద పచ్చగైతది. మా వాడ మొత్తం వరిమడి లెక్క పచ్చగైంది. ఒక్క ఇల్లు కాదనలే. ఆమె పైనున్న సారు సిద్దిపేట ఆడోళ్లంత మనదిక్కే అని సంబురపడ్డడట.

నేను సుత దిగిన ఫోటో. ఓటు మాత్రం వెయ్యలే. కుంకుమ వద్దంటమా మరి? వద్దంటే మొగనికి కీడు కోరుకున్నట్టే. గడప కాడికి వచ్చిన భరిణెను కాదన్న ఆడదాన్ని నేనైతే చూడలే.

మా అత్తమ్మ ఆ రోజు ఎక్కడున్నదో చెప్పాలె. మా అత్తమ్మ పేరు బాలవ్వ. మామ పోయి చానా ఏండ్లైంది. అరుగు మీద కూసొని నేను కుట్టిన జాకెట్లకు హుక్కులు కుడ్తుండె. భరిణె కనవడంగనే సూది కుచ్చి లేచి వంటింట్లకు పోయింది. ఎవ్వరు పొమ్మనలే. బొట్టు వస్తుంటే మొగడు లేనోళ్లు పక్కకు తప్పుకుంటరు, గది అలవాటు. మా వాడల గసువంటోళ్లు తక్కువేం లేరు. మగ్గాల మీద దమ్ము పట్టి పోయినోళ్లు, తాగి పోయినోళ్లు, భివండి పోయి రానోళ్లు. ఇంటికొక ఆడది తలుపు ఎనుక ఉన్నట్టే.

ఓట్లైపోయినయి. టీవీలు చూస్తే ఒక్కటే జోరు, గెలిచేది గింత అని, గంత అని. కౌంటింగు నాడు చూస్తే దేశమంత టీవీలు చెప్పింది ఒకటి, మిషిన్లకెళ్లి వచ్చింది ఒకటి. పెద్ద పెద్దోళ్లు నోరెళ్లబెట్టిన్రు. మా పోలింగు బూతుల సంగతి అయితే మరీ అన్యాయం. వాడ మొత్తం పచ్చగున్న పార్టీకి వచ్చిన ఓట్లు చూసి వాళ్ల కార్యకర్తలే ముఖం దాసుకున్నరు.

ఆ కోపం యాదక్క మీద పడ్డది. "మా బొట్టు పెట్టుకుంట ఎదుటోళ్ల ఓటు అడిగినవు" అని ఇంటి ముంగట నిలబడి ఒర్రిన్రు. ఆమె ఒక్క మాట మాట్లాడలే. మాట్లాడుడే పనిగున్న మనిషి మాట్లాడకుంటే నాకు ఇంకింత డౌటు. ఏదో ఉన్నది గీమె దగ్గర, ఏదో దాస్తున్నది అనుకున్న.

వానకాలం నడుమ సింధూజ మళ్ల వచ్చింది. ఈసారి పార్టీ కాదు, బట్టల కంపెనీ. మా చేనేత సొసైటీ షెడ్డు జాగల కుట్టుమిషిన్ల ఫ్యాక్టరీ పెడ్తరట. మిగిలిన మగ్గాలు తీసెయ్యాలె. వాడ ఆడోళ్లు మీటింగుల సరే అంటే పని అయితది. నా దుకాణంల కుర్చీ గుంజుకొని కూసున్నది, చేతిల ల్యాప్‌టాప్.

"అక్కా, జాకెట్ కోసం రాలేదు. ఒక మాట అడగనీకి వచ్చిన" అన్నది.

"అనుకున్న. ఎవరిని ముంచనీకి?"

నవ్వింది పాపం. "మా సార్ నాతోని ఒక ప్రెజెంటేషన్ చేయిస్తున్నరు. ఎలక్షన్ల అంత తలకిందులైంది కద, దాన్నుంచి కంపెనీలు నేర్చుకోవాల్సిన పాఠాలు ఏంది అని. పెద్ద పెద్ద కంపెనీలోళ్ల ముంగట చెప్పాలె. సార్ అప్పుడే రాసేసిండు. మన మాట ఇంకా గట్టిగ చెప్పాలె, ఇంకా ముందుగాల చెప్పాలె, ఇంకా ఎక్కువ మందితోని చెప్పియ్యాలె అని."

"అంటే చెప్పుడు తక్కువై ఓడిపోయినం అంటడు."

"అంతే."

"మా ఆయన గంతే. నేను వినకుంటే ఇంకింత గట్టిగ ఒర్రుతడు. నాకు చెవుడున్నదా, ఆయన మాటల పస లేదా అని ఒక్కనాడన్న ఆలోచన చెయ్యడు."

ఈసారి సింధూజ నవ్వలే. "నాకూ నమ్మకం లేదక్కా సార్ చెప్పిందాని మీద. గందుకే ఫోటోలన్నీ మళ్ల చూసిన. ఇన్ని ఇండ్లల్ల ఒక్కరన్న కాదనాలె కద? ఒక్కరు కాదనలే అంటేనే ఏదో తప్పున్నది. ఇంకోటి, ఇన్ని ఫోటోలల్ల బొట్టు లేని ముసలమ్మ ఒక్కామె లేదు. ఈ వాడల ముసలోళ్లే లేరా?"

నా ఎనుక అరుగు మీదికెళ్లి అత్తమ్మ దగ్గింది. హుక్కు కుట్టుడు ఆపకుంటనే అన్నది, "ఉన్నం బిడ్డా. మీరు వచ్చినప్పుడు వంటింట్ల ఉన్నం."

సింధూజ లేచి పోయి అత్తమ్మ పక్కన కింద కూసున్నది. "ఎందుకమ్మా వంటింట్లకు పోయిన్రు?"

"బొట్టు వస్తుంటే ఎదురుంగ ఉంటనా? మీ శకునం పాడైతది కద."

"మరి ఓటు?"

"వేసిన. ఎండల పోయి మొదటి లైన్ల నిలబడి వేసిన. మీకు వెయ్యలే. నన్ను అడుగనోళ్లకు ఎందుకేస్త? వేరే పార్టీ పిలగాడొకడు వచ్చి, అవ్వా మోకాలు నొప్పి ఎట్లున్నది అన్నడు. వానికేసిన."

"వానికి నీ మోకాలు మీద ఏమన్న ప్రేమనా అత్తమ్మా?" అన్న నేను.

"లేదని నాకెరుకలేదా? అడిగిండు. మీ మామ పోయినంక నన్ను ఏదన్న అడిగినోడు వాడొక్కడే."

ఆ ఇంట్ల నేను సుత ఉంటున్న కద. అత్తమ్మను నేను ఏం అడిగిన ఇన్నేండ్లు? హుక్కులు అయినయా అనే అడిగిన.

సింధూజ కండ్లు తుడుసుకున్నదో, చెమట తుడుసుకున్నదో ఎరుకలేదు, మళ్ల ల్యాప్‌టాప్ తెరిచింది. "ఇంకో అనుమానం ఉన్నదక్కా. ఇగో చూడు. యాదలక్ష్మి గారు బొట్టు పెట్టే ఆమె కద? ఒక్క ఫోటోల కూడ ఆమె ఎవ్వరికి పెట్టలే. ఆమె భరిణె పట్టుకుంటది, ఇంటోళ్లే వేలు ముంచి పెట్టుకుంటున్నరు. అన్నిట్ల గంతే. ఇది ఇక్కడి పద్ధతా?"

పద్ధతి కాదు. నా ఫోటో చూసిన. నా వేలే నా నుదుటి మీదున్నది. గప్పుడు యాదక్క అన్న మాట యాదికొచ్చింది, "చేతులు కడుక్కోలే పిల్లా, నువ్వే పెట్టుకో." కిరాణం నడిపే శ్రీవాణితోని సుత గదే మాట అన్నది, నేను విన్న. ఎన్ని రోజుల సంది గిట్ల చెయ్యి కడుక్కుంటలేదు గీమె? ఇంకొకటి సుత తట్టింది. పిల్వ పోయిన ఇంటోళ్లు మర్యాదకు ఆమెకు బొట్టు పెట్టబోతే, "నాకున్నది, నాకున్నది" అని ఎనుకకు జరుగుతది. పెట్టదు, పెట్టిచ్చుకోదు.

సింధూజకు ఏం చెప్పలే. "ఏమో, మర్చిపోయి ఉంటది" అన్న. ఆమె పోంగనే దుకాణం అత్తమ్మకు అప్పజెప్పి యాదక్క ఇంటికి పోయిన.

చింతపండు పిసుక్కుంట కూసున్నది. నేను కూసోలే. "ఎల్లన్న ఎప్పుడు పోయిండు?" అని నిలబడే అడిగిన.

ఆమె చెయ్యి గిన్నెల ఆగింది. అబద్ధం చెప్తదేమో అని చూసిన. చెప్పలే. "నువ్వు లడ్డూ తిన్నవు సూడు, గప్పుడు" అన్నది.

గప్పుడు కూసున్న నేను.

"సోలాపూర్ల పెండ్లి ఏం లేదు ప్రవీణా. సాంచ కాడనే పానం పోయిందని దోస్తులు భివండికెళ్లి ఫోన్ చేసిన్రు. పోయిన. వాళ్లే కాలవెట్టిన్రు, వాళ్లే దినాలు చేసిన్రు. వచ్చేటప్పుడు బస్టాండుల లడ్డూలు కొన్న. వట్టి చేతులతోని వస్తే నువ్వడుగుతవు కద, పెండ్లికి పోయినామె ఏం తెచ్చింది అని. నీ కండ్లకే భయపడ్డ నేను, వాడల ఎవ్వరికి భయపడలే."

"మరి చెప్పాలె కద!"

"చెప్పి? నువ్వు నన్ను బొట్టు పిల్వనిస్తువా? నాకు వేరే పని రాదు. మగ్గం నాకు నేర్పలే ఎవ్వరు. తల్లిగారిల్లు నీళ్లల్ల ఉన్నది. ఎక్కడికి పోవాలె?" అన్నది. కోపంతోనే అన్నది. మళ్ల గొంతు తగ్గించి, "ఎవ్వరి నుదుటికి నా వేలు తాకియ్యలే పిల్లా. ఆయన మీద ఒట్టు. భరిణె పట్టుకున్న, గంతే. మీ పసుపు కుంకుమలకు నా చెయ్యి అడ్డం రావొద్దని నాకు సుత ఉన్నది. ఏడ్వనీకి సుత జాగ లేకుండె. ఇంట్ల ఏడుస్తే పక్కింటోళ్లకు వినొస్తది. బస్సుల ఏడుస్తే కండక్టర్ అడుగుతడు. ఒకసారి సుత గట్టిగ ఏడ్వలే" అన్నది.

ఎందుకో నాకు నా మీదనే మండింది. అన్ని చూస్త నేను, అన్నీ కనిపెడ్త, కాలరు తిప్పని అంగీ కనిపెట్టిన, లడ్డూ గుండ్రం కనిపెట్టిన. ఆ మనిషి ఒంటరిగ సచ్చి బతుకుతున్నదని మాత్రం కనిపెట్టలే. "నేనెవ్వరికి చెప్ప" అని వచ్చిన. ఆమె నమ్మిందో లేదో. నేనైతే నన్ను నమ్మకపోదును.

తెల్లారి సింధూజకు వాళ్ల సార్ ఫోన్ చేసిండు. షెడ్డు మీటింగుకు గదే బొట్టు పిలుపు, గదే ఫోటో, వాడ మళ్ల పచ్చగ కావాలె అన్నడట. సింధూజ మా దుకాణంలనే నిలబడి, "అట్ల వద్దు సార్, అది తప్పుడు లెక్క" అని వాదించింది. ఆయన వినలే. ఫోన్ పెట్టేసి, అప్పుడే అటునుంచి పోతున్న యాదక్కను పిలిచింది.

"యాదలక్ష్మి గారూ, నాకు అందరు కావాలె. వంటింట్ల ఉండేటోళ్లు సుత. వాళ్లను మీరు పిలుస్తరా?"

యాదక్క నా దిక్కు చూసింది. నేను తల వంచుకొని కాజా కుట్టుకుంట కూసున్న. ఎందుకంటే ఆ పిల్లకు ఎరుకలేదు తను ఏం అడుగుతున్నదో. భరిణె చేతిల ఉంటే బొట్టు లేనోళ్లు లోపలికి పోతరు. వాళ్లు బయటికి రావాలంటే భరిణె ఉండొద్దు. భరిణె లేకుండ యాదక్క గడప కాడికి వస్తే, మొదటి ఇంట్లనే అడుగుతరు బొట్టేది అని.

"చూస్త" అని పోయింది. ఇగ రాదనుకున్న. నేనైతే రాకపోదును.

పొద్దెక్కినంక మా అరుగు ముంగటికి వచ్చింది. చేతులు ఖాళీ. గప్పుడు కిరాణం శ్రీవాణి నా దగ్గర బిడ్డ పెండ్లి జాకెట్లకు కొలతలు ఇస్తున్నది. సింధూజ పక్కనే ఉన్నది. అత్తమ్మ యాదక్కను చూసి అలవాటుగ లేవబోయింది.

"లేవకు అత్తా. నిన్నే పిల్వొచ్చిన" అన్నది యాదక్క. "ఐతారం సొసైటీ కాడ మీటింగున్నది. నువ్వు రావాలె."

శ్రీవాణి టేపు పక్కకు నూకింది. "ఏందక్కా, బొట్టు లేకుండ పిలుస్తున్నవు? నీ భరిణేది?"

యాదక్క ఖాళీ చేతులు చూపెట్టింది. "నా మొగడు పోయిండు శ్రీవాణి. బొట్టు పెట్టే రాత నాకు లేదు. పోయినేడే పోయిండు."

శ్రీవాణి ముఖం తెల్లవడ్డది, మళ్ల ఎర్రగైంది. "ఓ ముండమోపి! పోయినేడా? మా చెల్లె పెండ్లికి పిలిచినవు, మా మరిది ఇల్లు పూజకు పిలిచినవు! ఇంటింటి ఆడోళ్ల నుదుట్ల..." ఇంకా ఏమేమో అన్నది, అవన్నీ నేను చెప్ప. ఆమెకు భయం, బిడ్డ పెండ్లి ఉన్నది. గాని భయానికి సుత ఒక హద్దుంటది.

"సింధూజా, ఎలక్షన్లప్పటి ఈమె ఫోటో చూపెట్టు" అన్న నేను. ఫోన్ గుంజుకొని శ్రీవాణి కండ్ల ముంగట పెట్టిన. "చూడు. ఎవరి వేలు అది? నీదే కద? ఆమె వేలు నీ నుదుటికి తాకిందా? నీది చూసినవు, నాది చూడు. మీ అత్తది చూడు. వాడల అందరివి చూడు. నీ పసుపు కుంకుమలు నీకన్న భద్రంగ చూసింది ఆమె. గిప్పుడు అను ఏమంటవో."

శ్రీవాణి ఫోన్ దిక్కు చూసింది, చూసింది, గోడ దిక్కు జరిగింది.

అత్తమ్మ సూది పక్కకు పెట్టింది. ముసల్ది, మోకాలు పట్టుకొని మెల్లగ అరుగు దిగింది. యాదక్క గదుమ పట్టుకొని అడిగింది, "ఏడ్చినవా బిడ్డా?"

"ఏడ్వలే అత్తా."

"ఇన్ని రోజులు?"

"ఎక్కడేడ్వాలె?"

"ఇగో, గీడ ఏడువు."

యాదక్క అట్లనే మా గడప ముంగట కూలవడ్డది. ఎల్లన్న పేరు పట్టుకొని, మగ్గం పేరు పట్టుకొని, ఆయన భివండి బస్సెక్కిన రోజు తలుచుకొని, గొంతు చిరిగేటట్టు ఏడ్చింది. మిట్టమధ్యాహ్నం. అత్తమ్మ ఆమెను పొట్టకు అదుముకొని తను సుత శోకం పెట్టింది. మా మామ కోసం ఆమె ఏడ్చుడు నేను మొదటిసారి అదే చూసుడు.

తలుపులు తెరుసుకున్నయి. ఎదురింటామె చేతికి పిండి ఉండంగనే వచ్చింది. మూలమీది ఇంటి ముసలామె కట్టె పట్టుకొని వచ్చింది. వంటిండ్లల్ల ఉండేటోళ్లు, తలుపెనుకోళ్లు, పండుగకు పబ్బానికి కనవడనోళ్లు, ఒకలెనుక ఒకలు వచ్చి యాదక్క చుట్టు కూసున్నరు. చావు కబురు వింటే ఎవ్వరు పిలుపు కోసం చూడరు కద. అంత చిన్న మా వాకిట్ల కాలు పెట్టనీకి జాగ లేకుండైంది. శ్రీవాణి కొంచెం సేపు గోడకు ఆనుకొని నిలబడ్డది. తర్వాత పోయి చెంబుల నీళ్లు తెచ్చి యాదక్క నోటికి అందిచ్చింది.

సింధూజ ఫోన్ మోగింది. వాళ్ల సార్. స్పీకర్ల వినవడ్డది నాకు, "పిలుపులు మొదలైనయా? ఎంతమంది వస్తున్నరు? ఫోటోలు పంపు."

"అందరు వచ్చిన్రు సార్" అన్నది సింధూజ. "మన మీటింగుకు కాదు." ఫోటో తియ్యలే. ఫోన్ సంచిల ఏసుకొని మా ఆడోళ్ల నడుమ కూసున్నది.

ఐతారం మీటింగు జరిగింది. ముంగటి వరుసల బొట్టు లేనోళ్లే కూసున్నరు. మగ్గాలు ఎక్కడ పెడ్తరు, కండ్లు సరిగ కనవడనోళ్లకు మీ ఫ్యాక్టరీల ఏం పని ఇస్తరు అని అడిగిన్రు. బట్టల కంపెనీ సారు కాయితాలు తిరగేసుకుంట కూసున్నడు. చానా మంది వద్దన్నరు, కొంతమంది మగ్గాలు ఉంచితే సరే అన్నరు. సింధూజ గదే రాసుకపోయింది. హైదరాబాద్ పోయి పెద్ద కంపెనీలోళ్ల ముంగట సార్ రాసిన పాఠాలు పక్కకు పెట్టి, కాదనే వీలు లేని చోట అవునంటే నమ్మొద్దని, తలుపెనుక ఎవరున్నరో ముందు చూడాలని చెప్పిందట. వాళ్లు మస్తు చప్పట్లు కొట్టిన్రట. అంత గట్టిగ కొట్టిన్రంటే అర్థం కాలేదేమో అని నా అనుమానం.

ఇయ్యాల శ్రీవాణి బిడ్డ పెండ్లి పిలుపులు. నేనైతే యాదక్క బతుకు అయిపోయిందనే అనుకున్న. ఆమెను గడప తొక్కనియ్యరనుకున్న. నిన్న శ్రీవాణి వచ్చి చెప్పింది, భరిణె తన చేతిల ఉంటదట, పిలిచే నోరు యాదక్కదట, బొట్టు లేనోళ్లను సుత ఇండ్లల్ల నుంచి బయటికి పిల్వాలట. ఎందుకు గిట్ల మారిందో, పందిట్ల మంది నిండాలని చూస్తున్నదో, నిజంగనే మనసు కరిగిందో, నాకింకా డౌటే.

మా అత్తమ్మకు మాత్రం డౌటు లేదు. పొద్దుగాల్నే తానం చేసి, నెత్తికి నూనె పెట్టుకొని, పెట్టె అడుగుల ఉన్న చీరె తీసి కట్టుకున్నది. హుక్కులు కుట్టమంటే ఇయ్యాల కుట్ట అన్నది. అరుగు మీద కూసొని గల్లీ దిక్కే చూస్తున్నది, యాదలక్ష్మి తనను పిల్వనీకి వస్తదని.